జానెడు ఎక్కువ

మా సినిమాలో దయ్యం లేదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ వేసవంతా మా అమ్మ "మా చిన్నది దయ్యం సినిమా తీస్తోంది" అని ఇరుగుపొరుగుకి చెప్పి నా పరువు తీసింది. కాలేజీలో చివరి ఏడాది పిల్లలం జట్టుకొక చిన్న సినిమా తీసి చూపించాలి. మా జట్టు కథ ఇది: భార్యాభర్తలు ఒక గదిలో కాపురం ఉంటారు. ఆ గది రోజురోజుకీ కాస్త కాస్త ఇరుకైపోతూ ఉంటుంది. ఆ సంగతి ఆవిడకి తెలుస్తుంది, ఆయనకి తెలియదు. ఆయన పేపరు చదువుకుంటూనే ఉంటాడు. డైరెక్టరు మా క్లాసులో అందరి మీదా పెత్తనం చేసే పిల్ల, అందుకే దాన్ని దొరసాని అనేవాళ్లం. ఆ గదిని గీసి, కట్టించి, ఇరుకు చేసే పని నాది.

కట్టేవాడి కోసం ఊరు తిరగక్కర్లేదు. మా నాన్న వడ్రంగి. ఇంటి వెనకాలే ఆయన రేకుల షెడ్డు. ఎండాకాలం బేరాలు తక్కువ కాబట్టి సగం షెడ్డు ఖాళీగా ఉండేది. నేను బొమ్మ గీసిన కాగితం పట్టుకుని ఆయన చుట్టూ తిరుగుతున్న వారంలోనే మా అక్క వచ్చింది.

చెప్పా పెట్టకుండా, ఒక్క సంచితో వచ్చింది. "ఏమే, ఏంటి విశేషం" అంటే "ఊరికే" అంది. ఊరికే వచ్చిన మనిషి సంచిలో బట్టలన్నీ తీసి నా బీరువాలో కింది అరలో సర్దుకుంది. ఖాళీ సంచిని మడిచి అటక మీదికి విసిరింది. అమ్మ ఆ సంచి కేసి ఒకసారి, అక్క కేసి ఒకసారి చూసి, బియ్యం కడగడానికి వెళ్లిపోయింది. అటక మీదికి పోయిన సంచి మళ్లీ ఎప్పుడు దిగుతుందా అన్నదే ఆ వేసవిలో మా ఇంట్లో అందరి గుండెల్లోనూ ఉన్న ప్రశ్న.

కొన్నాళ్లు ఆగి, ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మ మొదలుపెట్టింది.

"తాగుతాడా?"

"లేదమ్మా."

"చెయ్యి చేసుకుంటాడా?"

"లేదు."

"పోనీ, అరుస్తాడా?"

"ఆయన గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు."

"మరి ఏం చేస్తాడే?"

అక్క పళ్లెంలో వేళ్లు ఆపి ఆలోచించింది. నిజంగానే జవాబు కోసం వెతికింది. "ఏమీ చెయ్యరు" అంది చివరికి. మళ్లీ తనే, "ఒకసారి నా చేతిలోంచి మూత జారి కింద పడింది. ఆయన లేచి వచ్చి, దాన్ని తీసి, తుడిచి, గూట్లో పెట్టి వెళ్లి కూర్చున్నారు. తర్వాత నాతో మాట్లాడలేదు" అంది.

"ఎన్నాళ్లు?"

"అప్పుడు చలి మొదలైంది. మళ్లీ మాట్లాడింది ఉక్కపోత మొదలయ్యాక. ఫ్యాను వెయ్యమన్నారు."

నాన్నకి నవ్వొచ్చింది. "నేను మాత్రం మీ అమ్మతో రోజూ ఎన్ని మాటలు మాట్లాడతానే" అన్నాడు. "ఆ లెక్కన నేనెప్పుడో మా పుట్టింటికి పోయి ఉండాల్సింది" అంది అమ్మ. అందరం నవ్వాం. అక్క కూడా నవ్వింది. నవ్వుతూనే ఆ సంభాషణ అయిపోయింది. ఆ సాయంత్రం నాన్న బావకి ఫోను చేసి, "వేసవంతా ఇక్కడ ఉంటుంది నాయనా, చిన్నదాని పనికి సాయంగా ఉంటుంది. వానలు పడగానే నువ్వొచ్చి తీసుకెళ్లు" అన్నాడు. నాన్న మాట ఇచ్చాడంటే ఇచ్చినట్టే. ఒంట్లో జ్వరం పెట్టుకుని కూడా చెప్పిన రోజుకి తలుపు బిగించి వచ్చే మనిషి ఆయన. బావకి ఇచ్చిన మాట కూడా ఆ జాబితాలో చేరిపోయింది.

"మళ్లీ ఒకసారి అడగవే నాన్నని" అన్నాను అక్కతో.

"అడగడానికేముంది. ఏం చెప్పాలో నాకే తెలియడం లేదు" అంది.

షెడ్డులో పని మొదలైంది. నా బొమ్మ చూసి నాన్న మొదట ముఖం చిట్లించాడు.

"గోడలు మూడేనా?"

"నాలుగో వైపు కెమెరా ఉంటుంది నాన్నా."

"పైకప్పు?"

"ఉండదు. లైట్లు పైనుంచి వెయ్యాలి."

"ఇన్నేళ్లూ జనం ఇరుకు గదులు పట్టుకొచ్చి, వీటిని విశాలంగా చెయ్యి మొర్రో అంటే చేశాను. నువ్వు పుట్టి, ఉన్న గదిని ఇరుకు చెయ్యమంటున్నావు. చదువు బాగానే అబ్బింది."

అన్నాడే గానీ, ఆయనకి ఆ పని నచ్చింది. పథకమంతా ఇలా వేశాం. ఒక బల్లని షెడ్డు నేలకి బిగించేశాం, అది కదలదు. బల్లకి కుడి పక్క గోడ మాత్రం చక్రాల మీద ఉంటుంది. కథలో రోజు మారినప్పుడల్లా దాన్ని లోపలికి తోస్తాం. అది వచ్చి ఆగేది వెనక గోడ అంచు దగ్గరే కాబట్టి, కిటికీ ఉన్న ఆ వెనక గోడని మాత్రం ప్రతి కొలతకీ కొత్తగా చెయ్యాలి. బల్లకీ గోడకీ మధ్య ఉన్న దారే మా సినిమాకి ప్రాణం. మొదటి గదిలో ఆవిడ ఆ దారిలో చేతులు ఊపుకుంటూ నడవాలి. చివరి గదిలో పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి, గోడకి అంటుకుని జారితే తప్ప దాటలేకపోవాలి.

నాన్న గీత వదిలి కోస్తాడు. పెన్సిలు గీత మీద రంపం పెట్టడు, గీతకి అవతల పెడతాడు. కోశాక గీత చెక్క మీద మిగిలి ఉండాలి. దాన్ని తర్వాత చిత్రిక పట్టి తీసేస్తాడు. నా చిన్నప్పటి నుంచీ ఆయన చేతిలో ఒక్క చెక్క ముక్క తప్పు కొలతకి తెగడం నేను చూడలేదు. మా ఇంట్లో తలుపులు వేస్తే గాలికి కూడా సందు ఉండదు.

రంగులు అక్క వేసింది. కొత్త ప్లైవుడ్డుని పాత అద్దె గదిలా కనిపించేట్టు చెయ్యాలి. నేను టీ డికాషను కలిపిన రంగు పూసి, ఇక చాలనుకున్నాను. అక్క నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "స్విచ్చి చుట్టూ వేళ్ల మురికేదే? మనుషులు ఉన్న గదేనా ఇది?" అంది. తనే మసి నలిపి పూసింది. పొయ్యి పైన గోడ జిడ్డు చేసింది. మొగుడి కుర్చీ వెనక గోడ మీద, పేపరు చదివే మనిషి తల ఆనే చోట, అరచేత్తో నూనె రాసి గుండ్రంగా ఒక మరక చేసింది. కుర్చీ తెచ్చి పెట్టి చూస్తే మరక సరిగ్గా తల ఎత్తుకే ఉంది. ఆమె కొలవలేదు. అంతెత్తు మనిషి మా ఇంట్లో ఎవరూ లేరు.

ఆ రోజుల్లో అక్క బాగానే ఉంది. సుత్తి పట్టుకుని మేకులు కొట్టేది. నాన్నతో వాదులాడేది. మధ్యాహ్నాలు చెక్కపొట్టులోనే దుప్పటి వేసుకుని పడుకునేది. లేచేసరికి జుట్టు నిండా పొట్టు ఉండేది, అమ్మ తిట్టుకుంటూ దులిపేది. అటక మీద సంచి ఊసు ఎవరం ఎత్తలేదు.

షూటింగు ముందు మా హీరోయిన్ స్కూటరు మీంచి పడి కాలికి కట్టు కట్టించుకుంది. దొరసాని నెత్తి పట్టుకుని షెడ్డులోకి వచ్చేసరికి, ఆరబెట్టిన గోడల మధ్య సందులోంచి అక్క రంగు డబ్బా పట్టుకుని వస్తోంది. రెండు వైపులా తడి రంగు. ఒంటికి చుక్క అంటకుండా వచ్చేసింది. దొరసాని నన్ను మోచేత్తో పొడిచి, "మీ అక్క నటిస్తుందా?" అంది.

"నాకు నటించడం రాదమ్మా" అంది అక్క.

"అదే కావాలి అక్కా. మీరు ఇంట్లో ఎలా ఉంటారో అలాగే ఉండండి చాలు."

నాన్న వద్దనలేదు. "ఇంట్లోనే కదా" అన్నాడు.

మొదటి రోజు గండం చెవులపిల్లికి వచ్చింది. చెవులపిల్లి అంటే మా సౌండు కుర్రాడు. ఎప్పుడు చూసినా నెత్తిన హెడ్‌ఫోన్లు. వాడు అక్కని అటూ ఇటూ నడిపించి, తీగలు లాగి చూసుకుని, బ్యాటరీ మార్చి, మళ్లీ నడవమన్నాడు.

"అక్కా, మీరు నడుస్తున్నారా?"

"నడుస్తున్నాను బాబూ."

"నాకేం వినపడట్లేదు."

మైకు తీసుకెళ్లి బల్ల కింద నేల మీద పెట్టాడు. అయినా అంతే. అదే చోట దొరసాని నడిస్తే గుర్రం నడిచినట్టు వినపడింది. సరే, అడుగులు పోనీ, పళ్లెం బల్ల మీద టక్కుమని పెట్టమన్నాడు. అక్క పళ్లెం ఎత్తింది. గట్టిగానే దింపింది. కానీ బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆ చెయ్యి దానంతటదే నెమ్మదించింది. ముందు చిటికెనవేలు బల్లకి ఆనింది, పళ్లెం ఆ వేలి మీద వాలింది, తర్వాత వేలు కింద నుంచి జారి బయటికి వచ్చేసింది. చప్పుడు లేదు. మళ్లీ చేయించారు. మళ్లీ అంతే. బీరువా తలుపు ఠపీమని వెయ్యమంటే, రెండో చెయ్యి వెళ్లి అంచుకి అడ్డం పడింది. "అయ్యో, మళ్లీ చేస్తానుండు" అని అక్కే సిగ్గుపడి నవ్వింది. చెవులపిల్లి హెడ్‌ఫోన్లు మెడ మీదికి దింపుకుని, "అక్కని కాసేపు ఇలాగే ఉంచుదాం" అన్నాడు దొరసానితో. మొదటిసారి వాడి గొంతులో వేళాకోళం లేదు.

తర్వాత గదిని ఇరుకు చేశాం. ఈసారి ఆవిడ బల్ల మూలకి తుంటి కొట్టుకోవాలి, గిన్నెలో నీళ్లు ఒలకాలి, గది తగ్గిందని అప్పుడు ఆమెకి అర్థం కావాలి. కుడి గోడ ఊగకుండా వెనక నుంచి దన్ను కర్ర పట్టుకుని నాన్న నిలబడ్డాడు. పేపరు వెనక కూర్చున్నది మా జట్టులోవాడే, వాడి ముఖం కనిపించదు.

అక్క గిన్నె పట్టుకుని వచ్చింది. బల్ల మూల దగ్గర నడుం సన్నగా ఒక్క వంపు తిరిగింది, అంతే, దాటేసింది. నీళ్లు ఒలకలేదు. గోడకి చీరుకోలేదు. దొరసాని గోడని వెనక గోడ అంచుకి పూర్తిగా ఆనేదాకా ఇంకాస్త తోయించింది. అక్క ఇంకాస్త వంగి దాటింది. ఎన్నిసార్లు తీసినా ఆమె దేనికీ తగల్లేదు.

"తగలాలక్కా. తగలండి. దెబ్బ తగలదులే, అంచుకి గుడ్డ చుట్టాం."

"తగులుదామనే వెళ్తున్నానమ్మా. అక్కడికి వచ్చేసరికి ఒళ్లే తప్పుకుంటోంది."

"అసలు ఇలా ఎలా ప్రాక్టీసు చేశారు?"

"ప్రాక్టీసేముంది. ఇంట్లో ఇలాగే కదా" అంది అక్క.

మామూలుగానే అంది. కూర ఎలా వండావంటే చెప్పినట్టు చెప్పింది. అప్పుడు కుడి గోడ ఊగింది.

"గోడ కదులుతోంది, ఎవరది వెనకాల?" అని దొరసాని కేకేసింది.

"నేనేనమ్మా" అన్నాడు నాన్న. "చెయ్యి జారింది."

కర్ర నా చేతికిచ్చి ఆయన ముందుకి వచ్చాడు. కెమెరా పక్కన నిలబడి, అక్క గిన్నెని చిటికెనవేలి మీద వాల్చి వేలు తీసుకోవడం చూశాడు. ఇంకోసారి తీస్తుంటే అదీ చూశాడు. తర్వాత బయట కుళాయి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కున్నాడు. నేను వెళ్లేసరికి ఇంకా కడుక్కుంటూనే ఉన్నాడు. ఏ మరకా లేదు చేతులకి.

చివరి గదికి వెనక గోడ మర్నాడు కొయ్యాలి. నేను లేచి షెడ్డుకి వెళ్లేసరికి నాన్న కోయడం, కిటికీ చట్రం బిగించడం కూడా అయిపోయింది. టేపు పెట్టి చూశాను. తప్పు చూశానేమోనని మళ్లీ పెట్టాను.

"నాన్నా, ఇది ఎక్కువుంది."

"ఎంత?"

"జానెడు."

"అయ్యుంటుంది. కొలత తప్పింది."

"అయితే అంచు కోసేద్దాం."

"చట్రం బిగించాక కోస్తే చీలుతుంది. వేరే చెక్క లేదు" అన్నాడు. నా వైపు చూడకుండా నేల మీద రంపపు పొట్టు ఊడుస్తున్నాడు.

చెక్క అంచు మీద పెన్సిలు గీత ఉంది. సన్నగా, నిటారుగా, పై నుంచి కింది దాకా ఉంది. ఆయన దాన్ని ఎప్పటిలాగే వదిలి కోశాడు. నేను ఇచ్చిన కొలత దగ్గర గీతే లేదు. జానెడు అవతల ఆయనే కొలిచి గీసుకుని, ఆ గీత ప్రకారం ఏమాత్రం తప్పు లేకుండా కోశాడు. కొలత తప్పిందనే దొరసానికి చెప్పాను.

దొరసాని చిందులు తొక్కింది. సినిమా మొత్తం ఈ గది కోసమే కట్టాం, ఇప్పుడిది ఇరుకుగా లేకపోతే ఏం తీసినట్టు అని నా మీద విరుచుకుపడింది. దానిలోనూ న్యాయం ఉంది. కానీ వేరే చెక్కా లేదు, వేరే రోజూ లేదు. అద్దె కెమెరా సాయంత్రానికి తిరిగి ఇచ్చేయాలి. ఆ పూట దన్ను కర్ర పట్టుకోమంటే నాన్న "నువ్వు పట్టుకో" అని బయటికి వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. కాబట్టి నేను గోడ వెనక ఉన్నాను, నాకు లోపల ఏమీ కనిపించలేదు. ఒక్కసారే తీశారు. తర్వాత దొరసాని "చాలు" అంది, ఎన్నడూ లేనంత మెత్తగా. బయటికి వచ్చి, "నీ గది ఇరుకుగానే ఉందే. కెమెరాలో చూస్తే భయమేసింది. ఊరికే తిట్టాను" అంది.

నాకు అర్థం కాలేదు. జానెడు ఎక్కువ ఉన్న గది ఇరుకుగా ఎలా కనిపించిందని అడుగుదామనుకుని, ఆ హడావుడిలో మరిచిపోయాను.

ఆ సాయంత్రం మబ్బు పట్టింది. అమ్మ ఆరేసిన బట్టలు తీస్తుంటే నాన్న ఆమె వెనకాలే వెళ్లి నిలబడ్డాడు.

"పెద్దదాన్ని పంపను" అన్నాడు.

"మాట ఇచ్చింది మీరేగా."

"ఇచ్చాను."

"రేపు ఆదివారం వస్తానన్నాడు అల్లుడు. వస్తే ఏం చెప్తారు? మూత కింద పడిందని చెప్తారా?"

నాన్న ఆమె చేతిలో బట్టలు అందుకున్నాడు. "అతని ఎదురుగానే దాన్ని అడుగుతాను. ఉంటానంటే ఉంటుంది, ఇంక ఎవడొచ్చినా సరే. చాటున ఆపానన్న మాట నాకొద్దు" అన్నాడు.

"ముందు మనం లోపల అడుగుదాం నాన్నా" అన్నాను నేను. "ఇప్పుడే అడుగుదాం."

"ఎదురుగా అడిగితేనే అడిగినట్టు. దానికీ ధైర్యంగా ఉంటుంది, నేను పక్కనుంటాను కదా" అన్నాడు. ఆయన ప్రపంచంలో అది న్యాయం. పని ఇచ్చినవాడి ముందే టేపు పెట్టి కొలిచి చూపించే మనిషి. దాచి చేసేది ఏదైనా ఆయన లెక్కలో దొంగ పనే. మా నాన్న మంచితనమంతా అందులోనే ఉంది. మేం అక్కని పోగొట్టుకున్నదీ అందులోనే.

బావ వాన జల్లుతోపాటు కారులో వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, రెండూ సమానంగా జరిపి పెట్టి లోపలికి వచ్చాడు. అమ్మ ఆరోగ్యం అడిగాడు. నా చదువు అడిగాడు. టీ బాగుందన్నాడు. అతన్ని చూసి ఇతను చెడ్డవాడు అని చెప్పగలిగితే మా పని ఎంత సులువయ్యేదో.

అక్క హాలులో లేదు. "ఒక్కసారి షెడ్డు చూసొస్తా" అని వెనక్కి వెళ్లింది. మేం ముగ్గురం అతని ఎదురుగా కూర్చుని వాన గురించి మాట్లాడుకుంటున్నాం. అప్పుడు షెడ్డులోంచి తలుపు ఠపీమని వేసిన చప్పుడు వచ్చింది. మా సెట్టు బీరువా తలుపు. నాకు ఆ చప్పుడు తెలుసు, ఎందుకంటే షూటింగు అంతా మేం దాని కోసమే ఎదురుచూశాం. మళ్లీ వేసింది, ఇంకా గట్టిగా. మూడోసారి వేసింది. రేకులు అదిరాయి.

నాన్న నిటారుగా కూర్చున్నాడు. ఆయన కళ్లు మెరవడం నేను చూశాను. నాక్కూడా లోపల పండగలా అయింది. ఇక అక్క వచ్చి ఉండిపోతానని అంటుంది, అంతే.

బావ తల తిప్పి చప్పుడు వచ్చిన వైపు చూశాడు. ఏమీ అనలేదు. చేతిలో కప్పుని సాసరులో పెట్టాడు. కప్పు పెట్టిన చప్పుడు కాలేదు.

అక్క గుమ్మంలోకి వచ్చింది. పరిగెత్తినట్టు ఊపిరి తీస్తోంది, ముఖం ఎర్రగా ఉంది. నాన్న లేచి నిలబడ్డాడు.

"పెద్దమ్మాయ్, నీ ఇష్టం చెప్పు. వెళ్తావా, ఉంటావా? ఉంటానంటే ఇది నీ ఇల్లు. ఎవరికీ భయపడక్కర్లేదు."

"అవును, నీ ఇష్టం" అన్నాడు బావ.

అక్క నాన్న వైపు చూడలేదు. నా వైపు చూడలేదు. సాసరులో ఉన్న కప్పు వైపు చూసింది. చూస్తుండగానే ఆమె ఊపిరి నెమ్మదించింది, భుజాలు కిందికి దిగాయి. చేతులు రెండూ ఒంటికి దగ్గరగా వచ్చేశాయి.

"వెళ్తాను నాన్నా" అంది.

అటక మీద సంచి నేనే దింపాను. బట్టలు సర్దుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. అక్క నా కళ్లు తుడిచి, "సినిమా వేసేరోజు చెప్పు. తప్పకుండా వస్తాను. నన్ను నేను తెర మీద ఎప్పుడు చూసుకున్నాను?" అంది. నాన్న కారు దాకా వెళ్లలేదు. షెడ్డులోకి వెళ్లి, పైకప్పు లేని ఆ గదిలో, కదలని ఆ బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆ గదిని విప్పడానికి ఆయనకి చేతులు రాలేదు. చివరికి నేనూ దొరసానీ విప్పాం.

వానలు బాగా పడుతున్న రోజుల్లో కాలేజీలో సినిమాలు వేశారు. నేను ముందే అక్కకి ఫోను చేశాను.

"అడిగాను" అంది. "ఏమీ అనలేదు."

"ఏమీ అనకపోతే రావచ్చు కదక్కా."

ఫోనులో చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఆమె అక్కడే ఉందో, పెట్టేసిందో కూడా నాకు తెలియలేదు.

అయినా నాన్న ఒక కుర్చీ మీద జేబురుమాలు వేసి ఉంచాడు. అమ్మ, నేను, నాన్న వరసగా కూర్చున్నాం, ఆయనకి అవతల ఆ కుర్చీ. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ముగ్గురం ఒకేసారి తిరిగి చూశాం. లైట్లు ఆర్పేశాక కూడా నాన్న తలుపు వైపే చూస్తూ ఉన్నాడు.

తెర మీద అక్క కనిపించింది. చెవులపిల్లి ఆమెకి ఏ చప్పుడూ కలపలేదు. పేపరు గరగరలాడుతుంది, కుర్చీ కిర్రుమంటుంది, కిటికీ అవతల ఎక్కడో వాహనాలు పోతుంటాయి. ఆమెకి మాత్రం అడుగుల చప్పుడు లేదు, పళ్లెం చప్పుడు లేదు. మొదట్లో కిసుక్కుమన్న పిల్లలు కూడా కాసేపటికి నోరు మూశారు. గది తగ్గింది. మళ్లీ తగ్గింది. నా వెనక వరసలో ఎవరో "అమ్మో, నాకు ఊపిరాడట్లేదు" అని గొణిగారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చివరి గది వచ్చింది. అక్క పళ్లెం పట్టుకుని బల్ల చుట్టూ తిరిగి రావాలి. దారి ఎదురుగా కనిపిస్తోంది. నేను కొలిచిన దారి, నాన్న జానెడు ఎక్కువ కోసిన దారి. మనిషి మామూలుగా, చేతులు ఒంటికి రాసుకోకుండా, నేరుగా నడిచి రావచ్చు.

అక్క ఆ దారి మొదట్లో ఆగింది. పక్కకి తిరిగింది. పొట్ట లోపలికి లాక్కుని, పళ్లెం భుజం మీదికెత్తి, ఊపిరి బిగబట్టి, బల్ల అంచు వెంట జారుకుంటూ వచ్చింది. ఆమె వీపుకీ గోడకీ మధ్య ఆ జానెడు జాగా అలాగే ఖాళీగా ఉంది. ఆమె అలా వచ్చింది కాబట్టి హాలులో అందరికీ ఆ గది ఊపిరాడనంత ఇరుకుగా కనిపించింది. దొరసానికి కెమెరాలో కనిపించిందీ అదే. ఖాళీ జాగా చూసినవాళ్లం ఆ హాలు మొత్తానికీ ఇద్దరమే.

నాన్న ముందుకి వంగాడు. ముందు కుర్చీ వీపుని రెండు చేతులతో పట్టుకుని, తెర మీద అక్కతోనే అన్నాడు.

"నేరుగా రావే తల్లీ. జాగా ఉంది అక్కడ. నేను వదిలాను."